నాలుగు పాటలు, ఒక మేడగది: మా బ్యాండ్ రికార్డింగ్ డైరీ

మార్చి

మా బ్యాండ్‌లో నేను పాడను, వాయించను. పాటలు రాస్తాను. మిగతా నలుగురూ పాడే అమ్మాయి, గిటార్, బాస్, డ్రమ్స్. విశాఖలో కాలేజీ ఫెస్టుల్లోనూ కేఫుల్లోనూ సినిమా పాటలు వాయించి వాయించి విసుగెత్తి, ఈ ఏడాది సొంత పాటలు రికార్డు చేసి తీరాలని అనుకున్నాం. డబ్బు లెక్క వేస్తే నాలుగు పాటలకు మించి తూగదు. నా నోట్‌బుక్‌లో పాటలని పేరు పెట్టుకున్నవి బోలెడున్నాయి. వాటిలో పాడగలిగినవేవో తేల్చడమే ఈ నెల పని.

పద్ధతి ఒకటే. రెండుసార్లు పాడాక కాగితం మూసేయాలి. మూడోసారికి పల్లవి గుర్తు రాకపోతే ఆ పాట పక్కకి. బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్ల మీద వెటకారంగా రాసిన పాటొకటి ఇలా మొదటిరోజే పోయింది. చదివితే నవ్వొస్తుంది. కానీ దాంట్లో ప్రతి లైనూ ముందు లైను మీద ఆధారపడి ఉంటుంది. వినేవాడికి వెనక్కి తిప్పి చదువుకునే వీలేదీ? పాట కదిలిపోతూనే ఉంటుంది. నాకు బాధగానే ఉంది గానీ తీర్పు సరైనదే.

రికార్డు చేయబోయే నాలుగింటికి గిటారిస్టుతో ఒప్పందం కుదిరింది. రెండింటికి నా మాటలు ముందు, రెండింటికి అతని ట్యూన్ ముందు. ఇద్దరం సమానంగా మొండివాళ్లం, అంతకన్నా దారి లేదు.

ఏప్రిల్: ఏడు మాత్రల గొడవ

మాటలు ముందు పుట్టిన పాటల్లో మొదటిది రైలు పాట. మాది విజయనగరం. ఉద్యోగం విశాఖలో. వారాంతాల్లో రాత్రి పాసింజరులో ఇంటికి పోతూ రాసుకున్నది. ఎంచుకున్న నడక ముత్యాల సరం, గురజాడ 1910లో పట్టుకొచ్చిన ఛందస్సు. హ్రస్వాక్షరం పలికేంతసేపు ఒక మాత్ర. మూడు, నాలుగు మాత్రలు జోడీగా నడుస్తాయి. మొదటి మూడు పాదాలకు పధ్నాలుగేసి మాత్రలు, నాలుగోది అంతకన్నా పొట్టిగా ఉండొచ్చు.

రాత్రి పాసింజరున నిద్దుర
రాని కిటికీ సీటు నాదే
కంట పడితే ఊరి దీపం
కలత దేనికిరా

డ్రమ్మర్‌కి ఛందస్సు పేరు చెప్తే మొహం చిట్లించాడు. "తకిట తకధిమి" అని చెప్తే వెంటనే కర్రలు తీశాడు. అతని భాషలో అది సెవెన్ ఎయిట్, చుట్టుకి ఏడు దెబ్బలు. నాలుగు నాలుగుగా కొట్టడం అలవాటైన చెయ్యి ఎనిమిదో దెబ్బ కోసం తన్నుకులాడుతుంటే, చెవిలో తాళం కొలిచే క్లిక్‌లో ఒకటో దెబ్బనీ నాలుగో దెబ్బనీ గట్టిగా వినపడేలా పెట్టుకుని సాధన చేశాడు. తర్వాత మామూలు పాటలు వాయిస్తుంటే కూడా ఏడుకే తిరిగిపోతోందని వాపోయాడు.

అసలు చిక్కు డ్రమ్స్‌లో రాలేదు, ఊపిరిలో వచ్చింది. పద్యం కాగితం మీద నిండుగా ఉంటుంది. పధ్నాలుగు మాత్రలు అయిపోగానే తర్వాతి పాదం మొదలు. "నిద్దుర" తర్వాత "రాని" అందుకోవాలంటే మధ్యలో గాలి పీల్చే చోటే లేదు. మా సింగర్ రెండు పాదాలు ఒక్క ఊపిరిలో లాగేసి మూడో పాదానికి ఊరి దీపాన్ని మింగేసేది. "అన్నయ్యా, నువ్వెప్పుడైనా ఇది నిలబడి పాడి చూశావా?" అంది. నేను కూర్చుని గొణుక్కుంటూ రాస్తాను. గొణుగుడికి ఎంత గాలి కావాలి!

నాలుగో పాదం ఎందుకు పొట్టిగా ఉందో నాకు ఒంటికి తెలిసింది అప్పుడే. "కలత దేనికిరా" తొమ్మిది మాత్రలు. మిగతా అయిదూ ఖాళీ. అక్కడ మనిషి ఊపిరి తీసుకుంటాడు. మాకు అలాంటి ఖాళీ ఇంకొకటి కావాలి. రెండో పాదం తర్వాత ఒక ఆవృత్తం, అంటే తాళం ఒక చుట్టు, మాటల్లేకుండా వదిలేశాం, గిటార్ మాత్రం నడుస్తుంది. ఛందస్సు తెలిసినవాళ్లెవరైనా వింటే ముక్కున వేలేసుకుంటారేమో. పాట మాత్రం బతికింది.

రైలు శబ్దం పెట్టాలా వద్దా అన్నదాని మీద పెద్ద చర్చే నడిచింది. రైలు పాటంటే డ్రమ్స్ మీద టకటక కొట్టడం అందరూ చేసేదే, నాకిష్టం లేదు. పైగా ఇప్పుడా టకటకే లేదు. పాత పట్టాలకు 13 మీటర్లకో అతుకు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకను నిండకముందే ఒక దెబ్బ. ఇప్పుడు వెల్డింగ్ చేసి పొడుగ్గా కలిపేశారు కాబట్టి స్టేషన్ దాటేటప్పుడు పాయింట్ల దగ్గర తప్ప మిగతా దారంతా ఒకటే హోరు. అందుకని డ్రమ్మర్ చరణమంతా బ్రష్‌లతో స్నేర్ డ్రమ్ము మీద రాపిడి పెట్టి, పల్లవికొచ్చే ముందు మాత్రం దాని అంచు మీద నాలుగు దెబ్బలు వేశాడు. ఊరి స్టేషన్లో పట్టాలు మారుతున్నట్టు. ఈ సంగతి వినేవాళ్లకి తెలియకపోయినా నష్టం లేదు.

మే: హార్బరులో

రెండో పాట వల పాట. దీనికీ మాటలే ముందు, కానీ మొదట రాసిందేదీ ఇప్పుడు లేదు. గదిలో కూర్చుని సముద్రం గురించి రాస్తే సముద్రం, అల, తీరం, ఎదురుచూపు. అంతే, ఎవరు రాసినా అవే వస్తాయి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట బంద్. ఆ 61 రోజులూ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కట్టేసి ఉంటాయి. మనుషులు వలలు బాగుచేసుకుంటూ, రంగులేసుకుంటూ కనిపిస్తారు. మిగతా రోజుల్లో వాళ్లను కదిలించి మాట్లాడించడం కుదరదు. బాస్ వాయించేవాడి చుట్టాలు అక్కడే ఉంటే, వాడితో కలిసి వెళ్లాను.

ఒడ్డు నుంచి పెద్ద వల లాగే పని ఒకాయన వివరించాడు. పాట కావాలని అడిగితే మొదట పాడలేదు. "తాడు లేకండా ఎలగ పాడతాం బాబూ?" అన్నాడు. పక్కనున్న మోకు ఒకటి బోటుకి కట్టి కొస చేతికిస్తే అప్పుడు గొంతు లేచింది. ముందొకడు లైను అందుకుంటాడు, మిగతావాళ్లు హైలెస్సా అంటూ లాగుతారు. నాకు ఉపయోగపడింది ఆ పాటలో మాటలు కావు. వాళ్ల పాటను ఎత్తుకొచ్చే ఉద్దేశం నాకు లేదు. చేతుల పని చూశాను. లాగేది జవాబులో. ముందు లైను నడుస్తున్నంతసేపూ చేతులకు విశ్రాంతి. అందుకే ముందువాడు ఏమైనా అనొచ్చు, వేళాకోళం, తిట్టు, ఇంటి గొడవ. ఎంత సాగదీసినా చెల్లుతుంది. జవాబు మాత్రం మారకూడదు, ఆలోచించక్కర్లేని మాటై ఉండాలి.

ఇంటికొచ్చి నా పల్లవిలో ఉన్న అయిదు లైన్లూ కొట్టేసి జవాబుకి "లాగర లాగు" ఒక్కటే ఉంచాను. కవిత్వమంతా ముందువాడి లైన్లలోకి పోయింది. అక్కడ డీజిల్ ధర వచ్చింది, మంచు ముక్కల బాకీ వచ్చింది, నిషేధం రోజుల్లో ఇంట్లో జరిగే గొడవ వచ్చింది. అల అన్న మాట పాటలో ఎక్కడా లేదు, దానికి మాత్రం గర్వంగా ఉంది.

వేగం దగ్గర డ్రమ్మర్ నిమిషానికి నూట ఇరవై దెబ్బలు అన్నాడు. జనం ఊగుతారట. ఆ వేగంలో ఎవడూ తాడు లాగలేడు, భుజాలు ఊడతాయి. మేడగది కిటికీ ఊచకి తువ్వాలు కట్టి లాగి చూసి ఎనభై నాలుగు దగ్గర ఆగాం.

జూన్: మేడగది

స్టూడియో అద్దె పాడటానికీ డ్రమ్స్‌కీ మాత్రమే. మిగతావన్నీ గిటారిస్టు వాళ్ల మేడ మీద గదిలోనే. గోడలకు గుడ్ల అట్టలు కొట్టమని సలహా ఇవ్వని మనిషి లేడు. గుడ్ల అట్ట బయటి శబ్దాన్ని ఆపదు, లోపలి శబ్దాన్ని కూడా పైపైన తప్ప పీల్చదు. బరువైన బొంతలు, పాత దూది పరుపులు, పుస్తకాల బీరువా అంతకన్నా మేలు. నాలుగిళ్లలో అడిగి బొంతలు పోగేసి తాళ్ల మీద ఆరేశాం. జూన్‌లో విశాఖ ఉక్క తెలిసినవాళ్లకి ఆ గది ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు. ఫ్యాన్ వేస్తే మైకులో హోరు, ఆపితే గిటార్ మీద చెమట. కింద ఇంట్లో కుక్కర్ విజిల్ టైము అందరికీ నోటికొచ్చేసింది.

ఎలక్ట్రిక్ గిటార్‌లో ఒక మూలుగు ఆగకుండా వచ్చేది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మూలుగు యాభైలోనూ దాని రెట్టింపు నూరులోనూ ఉంటుంది. తీగల కదలికని పట్టే సింగిల్ కాయిల్ పికప్ దాన్ని కూడా చక్కగా పట్టుకుంటుంది. ట్యూబ్‌లైటు ఆపి, గిటారిస్టు కుర్చీ కిటికీ వైపు తిప్పి కూర్చుంటే చాలావరకు తగ్గింది. అంతకు మించి చెప్పడానికేం లేదు.

జులై: ట్యూన్ ముందు, మాట వెనక

మూడో పాట గిటారిస్టు ఫోన్లో పంపిన వాయిస్ నోట్ నుంచి పుట్టింది. అర్ధరాత్రి "నాననా నననా" అని పాడి పంపాడు. విడిపోయిన ఇద్దరి పాట కావాలన్నాడు. ట్యూన్ బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. చివర ఒక స్వరం పైకి పోయి అక్కడే నిలబడుతుంది.

ట్యూన్‌కి తెలుగు రాయడంలో నరకం ఎక్కడుందంటే, హ్రస్వం మీద స్వరం సాగితే అది దీర్ఘమై కూర్చుంటుంది. నేను "జారి పడకు" అని రాసిన చోట ట్యూన్ రెండో మాటలో మొదటి అక్షరాన్ని సాగదీస్తుంది. సింగర్ పాడితే "జారి పాడకు" అయింది. విషాద గీతంలో అది వినగానే బాస్ వాయించేవాడు గిటార్ కింద పెట్టి బయటికెళ్లి నవ్వుకున్నాడు. ఆ లైను మొత్తం తీసేసి, సాగే చోటల్లా దీర్ఘమో, నిండు సున్నానో, ద్విత్వానికి ముందు అక్షరమో పడేలా మళ్లీ రాశాను. గురువులూ లఘువులూ పద్యం కోసం నేర్చుకున్నాను, అక్కరకొచ్చింది ఇక్కడ.

పై స్వరం దగ్గర ఇంకో తంటా. నేను రాసింది "ఏ దారి నీది". ఆ "ది" తారస్థాయిలో పడుతుంది. ఇకారంతో అంత పైన నిలబడితే గొంతు నొక్కుకుపోతుంది, పెదాలు సాగి శబ్దం సన్నబడుతుంది. మా సింగర్ మొదటి టేక్ పాడి హెడ్‌ఫోన్స్ తీసేసి, "అన్నయ్యా, నోరు తెరుచుకునే అక్షరం ఒకటి ఇవ్వవూ" అంది. ఆ లేదా ఓ అడుగుతోంది. "ఏ దారి నీదో" అని మార్చాను. ఒక్క అక్షరం. గొంతు తెరుచుకుంది సరే, అర్థం కూడా కదిలింది. మొదటిది నిలదీసి అడగడం, ఇప్పుడిది తనలో తాను అనుకోవడం. పాటంతా దాని చుట్టూ తిరగాల్సి వచ్చింది. అప్పటిదాకా చరణాల్లో ఉన్న దెప్పిపొడుపులన్నీ ఈ లైనుతో పొసగలేదు, ఒక్కొక్కటీ తీసేశాను. విన్నవాళ్లు ఈ పాట సాహిత్యం చాలా సున్నితంగా ఉందంటున్నారు. ఆ సున్నితం సగం సింగర్ దవడది.

స్టూడియోలో గొంతు రికార్డు చేసేటప్పుడు ప, బ, భ వచ్చినప్పుడల్లా గాలి మైకుని తన్నేది. మైకు ముందు గాలిని ఆపే పాప్ ఫిల్టర్ ఉన్నా సరే. ఇంజినీరు గారు మైకుని నోటికి సూటిగా కాక కాస్త పక్కకి, పై పెదవి ఎత్తున పెట్టారు. గాలి కిందనుంచి పోయింది, మాట పైనుంచి వచ్చింది.

ఆగస్టు: జముకు

నాలుగో పాట గురించి ఎక్కువ రాయాలని ఉంది.

గిటారిస్టు ఇచ్చిన ట్యూన్ నాలుగు స్వరాలే. అతనికి అది బోసిగా అనిపించి వదిలేద్దామన్నాడు. నాకు మాత్రం వినగానే చిన్నప్పుడు మా వైపు విన్న జముకుల కథ గుర్తొచ్చింది. జముకు తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఒకవైపు తోలుతో మూసిన గుండ్రటి డబ్బా. తోలు నడుమ నుంచి ఒక తీగ బయటికొస్తుంది, దాని రెండో కొసకి చిన్న పుల్ల. డబ్బాని చంకలో బిగించి, ఒక చేత్తో పుల్ల పట్టుకుని తీగ లాగి వదులుతూ, రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే స్వరం పైకి పాకుతుంది, వదిలితే కిందికి జారుతుంది. మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు కథకుడి ప్రశ్నకు జముకే "ఊఁ" కొట్టినట్టు వినిపించేది నాకు.

బొబ్బిలి వైపు ఊరి నుంచి ఒక పెద్దాయన్ని ఒప్పించి తీసుకొచ్చాం. నేను బాబాయ్ అని పిలిచాను, ఆయన అందరినీ బాబూ అన్నారు. వచ్చింది నడివానలో. మేడగదిలో కూర్చుని తోలు మీద వేళ్లతో తట్టి, "తేమకి దిగిపోనాది బాబూ, మాటాడదు" అన్నారు. నిప్పుసెగ చూపించాలట. గదినిండా బొంతలు, పరుపులు. మా గిటారిస్టు వాళ్లమ్మగారు ఆ మాట విని మెట్ల మీదే నిలబడిపోయారు. చివరికి కింద వంటింట్లో గ్యాస్ పొయ్యి సన్నమంట మీద ఆయనే జముకుని తిప్పి తిప్పి, మధ్యమధ్యలో చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూసుకుంటూ వేడి చేశారు. పైకి తెచ్చి మీటితే గది మారిపోయింది. ఒక టేకు, మహా అయితే రెండు. మళ్లీ స్వరం దిగడం మొదలు, మళ్లీ వంటింటికి. ఆ పూటకి వాళ్లింట్లో మధ్యాహ్నం వంట సాయంత్రమైంది.

క్లిక్ వినిపిస్తే ఆయన ఒప్పుకోలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండు నిమిషాలు విని, "ఇదెవులు, నా మీద అజమాయిషీ?" అన్నారు. సరే, క్లిక్ తీసేశాం. ఆయన నడకకే సింగర్ పాడింది, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని. రెండు మైకులు: అమ్మాయికి కండెన్సర్, జముకుకి ఎస్ఎం57 అనే మైకు, తోలుకి జానెడు దూరంలో. ఒకరి శబ్దం ఇంకొకరి మైకులో పడుతూనే ఉంది. తర్వాత విడదీయలేమని తెలిసే చేశాం. గిటార్, డ్రమ్స్ ఆయన వేగానికి తగ్గట్టు తర్వాత వేసుకున్నారు. పాట మొదట్లో కన్నా చివర కొంచెం వేగంగా ఉంటుంది. కథ ముదిరితే వేగం పెరగడం ఆయనకి సహజం, మేమెందుకు సరిచేయాలి?

బాస్ గిటార్ సంగతి తేలడానికి మాత్రం మాటలు పడ్డాం. జముకు స్వరం జారుతుంది, బాస్ స్వరం గట్టిగా ఒకచోట నిలబడుతుంది. రెండూ కింది స్థాయిలో కొట్టుకుని ఏదీ తేటగా వినిపించలేదు. ఈక్వలైజర్‌తో అక్కడ కోసి ఇక్కడ పెంచి ఒకరోజంతా చూశారు. చివరికి బాస్ వాయించేవాడే, "చరణాల్లో నేను ఉండను, పల్లవిలోనే వస్తా" అన్నాడు. బ్యాండ్‌లో ఎవరైనా తన వాయిద్యం తనే తగ్గించుకోవడం నేను చూసిన మొదటిసారి. ఆ ఒక్క నిర్ణయంతో పాట కుదిరింది. అతను లేని చోటే అతను గొప్పగా వినిపిస్తాడు, పల్లవిలోకి బాస్ దిగినప్పుడు.

మాటలు నేను రాసినవాటిలో సగమే మిగిలాయి. నాలుగు లైన్ల చరణంలో రెండు లైన్లు అమ్మాయి పాడితే, మిగతా రెండింటి చోట జముకు పలికింది. అక్కడ ఏం రాసినా తక్కువే అనిపించింది.

సెప్టెంబరు: మిక్సింగు

వల పాటలో జవాబు గొంతులు మిగిలిపోయాయి. స్టూడియోలో పాడితే మరీ శుభ్రంగా వచ్చింది, వలకి శుభ్రత ఎందుకు? మేడ మెట్ల దగ్గర మైకు పెట్టి, కింది మెట్ల మీద మేం నలుగురం, పక్కింటి కుర్రాళ్లు ఇద్దరు నిలబడి అరిచాం. గోడల ప్రతిధ్వని దానంతటదే వచ్చింది. మూడుసార్లు, ప్రతిసారీ చోట్లు మార్చుకుని. ఆరుగురం పద్దెనిమిది మందిమయ్యాం. మొత్తం రికార్డులో నా గొంతు ఉన్నది అక్కడే, బయట తెలియనంత లోపల.

అన్ని శబ్దాలూ కలిపిన మిక్స్ మొదటి కాపీ వచ్చినప్పుడు అందరూ బాగుందన్నారు. నేను కారులో విన్నాను, ఫోన్ స్పీకర్‌లో విన్నాను, మాటలు తెలియని స్నేహితుడికి వినిపించి ఏం విన్నావో చెప్పమన్నాను. రైలు పాటలో "నిద్దుర" అతనికి నిదురలా వినిపించింది. అది ఎలాగో సర్దుకోవచ్చు. కానీ మూడో పాటలో "కట్టు"లూ "పట్టు"లూ అన్నీ కరిగిపోయాయి. ఎందుకంటే ద్విత్వం పలికేటప్పుడు నోరు ఒక క్షణం మూసుకుంటుంది. ఆ మూగ క్షణమే మనకి ఒత్తుగా వినిపిస్తుంది. గొంతు మీద రివర్బ్, అంటే ప్రతిధ్వని, ఎక్కువ పోస్తే దాని తోక వచ్చి ఆ ఖాళీని నింపేస్తుంది. ఒత్తు పోతుంది. ఇంజినీరు గారికి కాగితం మీద గీసి చూపించాను. ఆయన రివర్బ్ పొడవు తగ్గించి, గొంతు పలుకుతున్నంతసేపూ అది అణిగి ఉండి, మాట ఆగాక పైకి లేచేలా పెట్టారు. పాట కొంచెం పొడిబారిందని గిటారిస్టు ఇప్పటికీ సణుగుతాడు. మాట వినపడాలి కదా, నా పక్షం నేను చూసుకోవద్దూ?

విడుదలకు ముందు చివరి మెరుగైన మాస్టరింగ్ దగ్గర సౌండ్ పెంచమని ఒత్తిడి వచ్చింది. స్పాటిఫై లాంటివి ఎలాగూ పాటల్ని, శబ్దం గట్టితనపు కొలతలో, దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరికి సమం చేస్తాయి. మనం గట్టిగా నొక్కి పంపితే వాళ్లు తగ్గించి వినిపిస్తారు, మిగిలేది నొక్కుడే. జముకు పాటలో మొదటి చరణానికీ చివరి పల్లవికీ ఉన్న ఎత్తుపల్లం అలాగే ఉంచాం.

అక్టోబరు: కాగితాలు

చట్టం దృష్టిలో ఒక పాట మూడు ఆస్తులు: సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి, రికార్డింగు ఒకటి. మొదటి రెండింటికీ రాసినవాళ్లు పోయాక 60 ఏళ్ల దాకా హక్కు, రికార్డింగుకి విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. 2012 సవరణ తర్వాత రాసినవాళ్లు, స్వరపరిచినవాళ్లు రాయల్టీలో తమ వాటాని నిర్మాతకి రాసిచ్చేసే వీల్లేదు. ఇదంతా స్నేహితుల మధ్య మాట్లాడుకోవడం ఇబ్బందిగానే ఉంటుంది. డబ్బు రాకముందు మాట్లాడుకుంటే ఆ ఇబ్బంది ఒక సాయంత్రంతో పోతుంది.

సాహిత్యం నా పేరున, బాణీ అయిదుగురి పేరున సమానంగా అని రాసుకున్నాం. జముకు పాటలో మాత్రం ఆరో వాటా బాబాయ్‌కి. ఆయన వాయించింది తోడు వాయిద్యం అంటే ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. చరణంలో రెండు లైన్లు ఆయనవే. ఫోన్ చేసి చెప్తే, "నాకెందుకు బాబూ, బస్సు ఛార్జీ ఇచ్చీసినారు కదా" అన్నారు. ఆధార్ కాపీ, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో తీసి పంపమని వాళ్ల మనవడికి చెప్పాను. పాస్‌బుక్ ఇంకా రాలేదు. అది వచ్చాకే పాటలు అప్‌లోడ్ చేస్తాం.

ఈలోగా డిసెంబరులో వాయించమని ఒకచోట అడిగారు. మిగతా మూడూ ఫర్వాలేదు. వల పాటకి స్టేజీ మీద పద్దెనిమిది గొంతులు ఎక్కణ్ణుంచి తేవాలి? మొదటి రెండు వరసల్లో కూర్చున్నవాళ్ల చేతికి తాడు ఇద్దామంటున్నాడు డ్రమ్మర్. మోకు కొనడానికి ఆదివారం హార్బరుకి వెళ్తున్నాం.